జాగ్రత్త: సెకండ్‌హ్యాండ్ మాఫియా 3 డిస్కు కొనేముందు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మాఫియా 3 అనే వీడియోగేమ్ పీఎస్4 (సోనీ గేమింగ్ మెషిన్) డిస్కులు "డీఎల్‌సీలతో సహా, గీత కూడా లేదు" అంటూ అమ్మకానికి పెడుతున్నారు. డీఎల్‌సీలంటే గేమ్‌కు విడిగా వచ్చే అదనపు భాగాలు. ఫోన్‌పే కొట్టే ముందు కాస్త ఆగండి.

"రండన్నా, ఆడించి చూపిస్తా" అంటాడు అమ్మేవాడు. టైటిల్ స్క్రీన్ రాగానే మనం నమ్మేస్తాం. మోసమంతా అక్కడే. గేమ్ అప్పటికే హార్డ్‌డిస్కులో ఎక్కి ఉంటే పీఎస్4 డిస్కు ఉందా లేదా అని మాత్రమే చూసుకుంటుంది, మొత్తం చదవదు. అదే డిస్కు మన మెషిన్లో వేస్తే కాపీ సగంలో ఆగిపోతుంది. అందుకే అమ్మేవాడి ఎదుటే గేమ్ డిలీట్ చేయించి, నెట్ ఆపించి, డిస్కు నుంచి మళ్లీ ఎక్కించమనండి. అరగంట పట్టినా సరే, కాపీ పూర్తయ్యేదాకా కదలొద్దు. మధ్యలోనే గేమ్ మొదలైందని లేచి వచ్చేస్తే పని చెడుతుంది, ఎందుకంటే కొంత భాగం ఎక్కగానే ఆడనిస్తుంది. ఒప్పుకోనంటే ఆ బేరం వదిలేయండి.

డిస్కు అడుగు వైపు ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. మధ్య నుంచి అంచుకు పోయే సన్నగీతల్ని మెషిన్ చాలావరకు దాటేస్తుంది, గుండ్రంగా తిరిగిన గీతలే ప్రమాదం. మసకగా మెరిస్తే ఎవరో పాలిష్ పట్టారన్నమాట. ఈ గేమ్ వచ్చే బ్లూరే డిస్కులో డేటా పొర అడుగు వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, గీతలు పోవాలని టూత్‌పేస్టు రుద్దే వైద్యం దానికి పనికిరాదు.

ఇక "డీఎల్‌సీలతో" అన్న మాట. 2016లో వచ్చిన మొదటి డిస్కులో కథ డీఎల్‌సీలు ఉండవు, అవి 2017లో విడుదలయ్యాయి. డీఎల్‌సీలు ఇచ్చే సీజన్ పాస్ కోడు పెట్టెలో ఉన్నా, దాన్ని ఒక్కసారి వాడితే అయిపోయినట్టే. అమెరికా నుంచి తెచ్చిన డిస్కయితే ఇండియా స్టోర్లో కొన్న డీఎల్‌సీ దానికి అతకదు. డిస్కు స్లాటు లేని పీఎస్5 ఉన్నవాళ్లు అసలీ బేరమే పెట్టుకోవద్దు.

డిస్కు బాగున్నా, 2010 నాటి రెండో భాగం ఆడిన ఊపులో కొనేవాళ్లకు మరో దెబ్బ ఉంది. హీరో లింకన్ క్లే కథ, 1968 నాటి న్యూ బోర్డో అనే కల్పిత ఊరు, పాటలు విమర్శకులకు నచ్చాయి. మిషన్ల (ఆటలో ఇచ్చే పనుల) దగ్గరే పెదవి విరిచారు, అది న్యాయమే. ప్రతి పేటలోనూ అదే వరస: సరుకు పగలగొట్టు, మనుషుల్ని కొట్టు, నష్టం లెక్క నిండితే నాయకుడు బయటికొస్తాడు, చంపు లేదా కలుపుకో. పక్క పేటకెళ్లి మళ్లీ మొదలు. శత్రువుల జాడ తెలియాలంటే జంక్షన్ బాక్సుల్లో టీఎల్-49 ఫ్యూజులు బిగించాలి, వాటికోసం వీధులు జల్లెడ పట్టాలి. ఫాస్ట్ ట్రావెల్ లేదు, ఊరి ఆ కొసకైనా బండిలోనే పోవాలి. బండి తోలడం మాత్రం బాగుంటుంది, సెట్టింగుల్లో సిమ్యులేషన్ డ్రైవింగ్ పెట్టుకుంటే ఇంకా.

"మొదటి వారంలోనే 45 లక్షల కాపీలు" అని చూపి ఊరిస్తే పడిపోకండి. అవి అంగళ్లకు పంపినవి, పైగా సమీక్షకులకు ముందుగా కాపీలే ఇవ్వలేదు.

పీసీ వాళ్లకు: విడుదలప్పుడు బొమ్మ సెకనుకు 30 ఫ్రేములు దాటకుండా పెట్టిన కట్టు కొద్ది రోజుల్లోనే ప్యాచ్‌తో పోయింది, దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది "స్టీమ్ (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ అంగడి) ఐడీ ఇస్తా, లాగిన్ అయి ఆఫ్‌లైన్‌లో ఆడుకో" అనే చవక బేరానికి. అదే ఐడీ పదిమందికి అమ్ముతారు. విండోస్ మళ్లీ వేసినా, అతను పాస్‌వర్డ్ మార్చినా గేమ్ పోయినట్టే. ఖాతాలు అమ్మడం స్టీమ్ నిబంధనలకే విరుద్ధం కాబట్టి ఫిర్యాదుకూ దారుండదు. సేల్ వచ్చేదాకా ఆగి సొంత ఖాతాలో కొనుక్కోండి, ధర బాగానే దిగుతుంది.