చివరి పొర కోసం: ఆరేళ్లుగా నేనే సాన పట్టుకుంటున్న లేత్ టూళ్లు

లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం) మీద వాడే హై స్పీడ్ స్టీల్ బిట్లకు, అంటే లోహాన్ని కోసే ఉక్కు ముక్కలకు, నేనే సాన పట్టుకోవడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. కోణాల పట్టికలు, బిట్ల కొలతలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క గుణం గురించి. చేత్తో పదును పెట్టిన అంచు, మైక్రోమీటరుకు తప్ప కంటికి తెలియనంత పలుచని పొరను కూడా కోసి తీయగలదు. ఆ ఒక్క గుణం కోసమే గ్రైండరు ఇంకా నా బల్ల మీద ఉంది.

ఇది నాకు తెలిసివచ్చింది ఒక షాఫ్టు పాడయ్యాక. 6205 బేరింగు ఎక్కించడానికి మైల్డ్ స్టీల్ షాఫ్టు టర్నింగ్ చేస్తున్నాను. ఆ బేరింగు రంధ్రం 25 మిల్లీమీటర్లు. షాఫ్టు దానికంటే వెంట్రుకవాసి లావుగా, 25.01 దగ్గర ఆగాలి. కార్బైడ్ ఇన్సర్టుతో (పదును పోతే మార్చేసే, కొని తెచ్చుకునే కోత ముక్క) 25.04 వరకు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాను. వ్యాసార్ధంలో ఇక తీయవలసింది 0.015 మాత్రమే. టూలును లోపలికి జరిపే క్రాస్ స్లైడును అంతే జరిపి, టూలును షాఫ్టు పొడవునా నడిపితే, ఇన్సర్టు లోహాన్ని కోయకుండా రుద్దుకుంటూ పోయింది. ఉపరితలం మెరిసింది గానీ కొలత 25.04 నుంచి కదలలేదు. మరో 0.015 జరిపినప్పుడు ఒక్కసారిగా పట్టుకుని, ముందుసారి వదిలేసినదాన్ని కూడా కలిపి కోసేసింది. కొలిస్తే 24.98 వచ్చింది. బేరింగు వేలితో తోస్తేనే జారిపోయింది. ఒక సాయంత్రం పని మొత్తం వృథా అయినందుకు ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

రెండో షాఫ్టును 25.05 దగ్గరే ఆపి, ఇన్సర్టు తీసేసి, 10 మిల్లీమీటర్ల చదరపు బిట్టుకు సాన పట్టి, మొనను ఆయిల్‌స్టోన్ (నూనె వేసి పదును పెట్టే నున్నటి రాయి) మీద నున్నగా గుండ్రం చేసి బిగించాను. నిమిషానికి సుమారు 320 చుట్ల వేగంలో, కాస్త నూనె వేసి, 0.01 జరిపాను. ఊదితే ఎగిరిపోయేంత సన్నని తీగ విడివడింది. కొలత 25.03. మరో 0.01 జరిపితే 25.01. డయలు మీద ఎంత జరిపానో లోహం అంతే తగ్గింది. అడిగినంతే ఇచ్చే పనిముట్టు చేతిలో ఉండటంలోని సంతోషం ఆ రోజే తెలిసింది, ఆరేళ్లయినా అది తగ్గలేదు.

కారణం అంచు ఆకారంలోనే ఉంది. ఉక్కు కోసే మామూలు ఇన్సర్టుల అంచు విరిగిపోకుండా తయారీలోనే దాన్ని కొద్దిగా గుండ్రం చేస్తారు. తీయవలసిన పొర ఆ గుండ్రం కంటే పలుచనైతే అంచు లోహంలోకి దిగదు, దాన్ని అణచి పైనుంచి జారిపోతుంది. హై స్పీడ్ స్టీలు కార్బైడంత పెళుసు కాదు కనుక దాని అంచును అలా మొద్దు చేయనక్కరలేదు.

అయితే ఈ పదును గ్రైండరు ఒక్కటే ఇచ్చేది కాదని చెప్పాలి. మొదటి నెలల్లో వీల్ మీదనుంచి తీసిన బిట్టును నేరుగా టూల్‌పోస్టులో (లేత్ మీద టూలును బిగించే దిమ్మ) పెట్టి, ఫలితం అంతంతమాత్రంగా ఉంటే నా చేతి నేర్పును అనుమానించాను. నిజానికి వీల్ వదిలిన గరుకు గీతలే అంచును రంపపు పళ్లలా చేస్తాయి. వీల్ గుండ్రంగా ఉంటుంది కనుక సాన పట్టిన ముఖం మధ్యలో కొద్దిగా లోతుగా ఉంటుంది. ఆయిల్‌స్టోనును ఆ ముఖానికి ఆనిస్తే అది పై అంచునూ కింది అంచునూ మాత్రమే తాకి, కోణం వెతుక్కునే పని లేకుండా తనంతట తానే సరిగ్గా కూర్చుంటుంది. పది పన్నెండు సార్లు నెమ్మదిగా నడిపితే గీతలు పోతాయి. పై ముఖాన్ని వీలైనంత తక్కువ అరగదీస్తాను, లేకపోతే మొన షాఫ్టు మధ్యరేఖ ఎత్తుకు దిగువకు పోయి ప్రతిసారీ అడుగున రేకు ముక్కలు పెట్టవలసి వస్తుంది. సాన పట్టేటప్పుడు బిట్టు నీలం రంగుకు తిరిగితే పాడైందని మొదట్లో భయపడేవాడిని. పాత కార్బన్ స్టీలు విషయంలో ఆ భయం నిజమే గానీ, ఈ ఉక్కు సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాకా గట్టిదనాన్ని నిలుపుకుంటుంది. వేడి వేళ్లకు తగులుతోందని గుడ్డ చేతితొడుగులు మాత్రం వేసుకోకూడదు. తిరిగే వీల్ వాటిని లాక్కుంటే చేయి కూడా వెంట పోతుంది.

తొలి ఏడాది, ఇక ఇన్సర్టులు అక్కరలేదని పరిచయస్తులందరికీ చెప్పేవాడిని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. హాట్ రోల్డ్ (వేడి మీద సాగదీసిన) కడ్డీల మీది నల్లటి పొలుసు, పోత ఇనుము పైపొర నా బిట్టు పదునును ఒకటి రెండు కోతల్లోనే తినేశాయి; గట్టిపరిచిన ఉక్కు మీద అసలు పని జరగలేదు. అల్యూమినియం కోసం సానపట్టి పాలిష్ చేసి అమ్మే ఇన్సర్టులు మైల్డ్ స్టీలు మీద కూడా పలుచని పొరను బాగానే తీస్తాయని మూడేళ్ల కిందట తెలిసింది. వాటి అంచు త్వరగా చిట్లిపోతుంది గానీ, సాన పట్టే ఓపిక లేనివారికి అది సరిపోవచ్చు.

నాది మరమ్మతుల కోసం ఒక్కొక్క ముక్క చేసుకునే చిన్న లేత్. గడియారం చూసుకుంటూ పని చేయవలసిన అవసరం నాకు లేదు. ఒకే రకం ముక్కలు రోజంతా చేసేవారికి, సాన పట్టడానికి ఆగే ప్రతి పావుగంటా నష్టమే కావచ్చు. నా టూల్‌పోస్టుకు ఇప్పుడు రెండు హోల్డర్లు ఉన్నాయి. ఇన్సర్టుతో ముతక పని ముగించి, చివరి 0.05 దగ్గర హోల్డరు మారుస్తాను. రెండో షాఫ్టు నాటి బిట్టే ఇంకా ఆ రెండో హోల్డరులో ఉంది, సగానికి పైగా మిగిలి ఉంది.