మూడు లాగిన్లు, ఒకే పీఎస్టీ ఫైలు: చాలా రోజులు వాడినాక

నేను లెక్కలు చూసేది తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో. ఆఫీసులో కంప్యూటర్ ఒక్కటే. లాగిన్లు మూడు: ఓనరు సారుది, నాది, లోడింగ్ చూసే పిల్లోడిది. ఆర్డర్లు వచ్చే మెయిల్ ఐడీ మాత్రం ఒకటే, అదీ పాప్ పద్ధతిలో, అంటే మెయిళ్లు సర్వర్ నుంచి మన కంప్యూటర్‌లోకి దిగిపోతాయి. అందుకే క్లాసిక్ అవుట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ పాత మెయిల్ ప్రోగ్రాం) మెయిళ్లన్నీ దాచుకునే పీఎస్టీ ఫైలును, అన్ని లాగిన్లకూ కనబడే పబ్లిక్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెట్టి, ముగ్గురం దాన్నే తెరుస్తున్నాం.

సుఖమే. "ఆ మెయిలు నాకు రాలేదు సార్" అనే మాట ఆఫీసులో వినబడడం మానేసింది. సిగ్నేచర్ ఏ లాగిన్‌ది ఆ లాగిన్‌లోనే ఉంటుంది కాబట్టి, జవాబు కింద ఎవరి పేరు వాళ్లదే పడుతుంది. ఫైలు చదవడానికే కాదు, రాయడానికి కూడా అందరికీ పర్మిషన్ ఉండాలి, లేకపోతే అసలు తెరుచుకోదు.

నా మంటంతా 'స్విచ్ యూజర్' మీదే. పీఎస్టీని ఒకసారికి ఒక్క లాగిన్‌లోనే తెరవగలం. సైన్ అవుట్ కాకుండా యూజర్ మార్చి లేచిపోతే, వెనకాల అవుట్‌లుక్ నడుస్తూనే ఉంటుంది, ఫైలును వదలదు.

ఒకరోజు సాయంత్రం చెన్నై లోడు. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, పార్టీవాళ్లు బండల సైజులు మార్చి మెయిలు పెట్టినామని ఫోన్ చేసినారు. పిల్లోడు కూర్చుని, "అన్నా, మెయిలు తెర్చుకుంటాలేదు" అన్నాడు. ఫైలు వాడుకలో ఉందని మెసేజ్. సారు తన లాగిన్ అట్లే వదిలేసి ప్రొద్దుటూరులో పెళ్లికి పోయినారు. పాస్‌వర్డ్ ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు, ఫోనేమో ఎత్తరు. అవతల డ్రైవరు హారన్ ఆపడు. చివరికి, వేరేవాళ్లు ఇంకా లాగిన్‌లో ఉన్నారని హెచ్చరిక వచ్చినా రీస్టార్ట్ కొట్టినాం. తర్వాత ఫైలు సరిగా మూయలేదని చెప్పి అవుట్‌లుక్ తనిఖీకి దిగింది. అది అయ్యేదాకా ముగ్గురం, డ్రైవరుతో సహా, స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాం.

తెరుచుకున్నాక ఒక్క మెయిలూ పోలేదు. సారు సగం రాసిన కొటేషన్ కూడా డ్రాఫ్ట్స్‌లో భద్రంగా ఉంది. మామూలుగా 3 నిమిషాలకోసారి అదే సేవ్ చేసుకుంటుందిలెండి. చిక్కల్లా ఏమంటే, మాకు చెప్పిన రేటుకన్నా తక్కువకు వేరే పార్టీకి రాసిన కొటేషన్ అది. పిల్లోడు చదివినాడు, నేనూ చదివినా. అన్నీ అందరికీ కనబడతాయని ఇందాక మెచ్చుకున్నా కదా, సారు ముందు ఆ మాట అనను.

ఇప్పుడు సైన్ అవుట్ చేయందే కుర్చీ దిగకూడదని మానిటర్‌కు చీటీ అంటించినాం. మేమిద్దరం పాటిస్తాం. శనివారం అవుట్‌లుక్ మూసి, ఫైలు కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటా. అవుట్‌లుక్ 2010 వర్షన్ నుంచి ఒక పీఎస్టీ ఫైలులో మామూలుగా 50 జీబీ దాకా పడుతుంది, మా ఫోటోలకు ఇంకా చోటుంది.

మాలాగా ఒకే కంప్యూటర్, ఒకరి తర్వాత ఒకరు కూర్చునే చోటైతే పనికొస్తుంది. రెండో కంప్యూటర్ ఉంటే మాత్రం ఫైలును నెట్‌వర్క్‌లో పెట్టి పంచుకోవద్దు, మైక్రోసాఫ్టే వద్దంటుంది. అప్పుడు ఐమాప్‌కు, అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉండి అన్ని కంప్యూటర్లలో కనబడే పద్ధతికి, మారడమే. సారు ల్యాప్‌టాప్ కొంటే మేమూ మారతాం. కొంటానని ఉగాదికి కూడా అన్నారు.