పైగేమ్‌తో మొదటి గేమ్: పాత ల్యాప్‌టాప్ చాలు
అనంతపురంలో డిగ్రీ చదివే మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో పైగేమ్ వేశాం, అంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న గేములు రాసుకోవడానికి పనికొచ్చే రెడీమేడ్ కోడ్. పెద్ద గేమ్ ఇంజన్లు దించుకోవాలంటే రోజు డేటా చాలదు. ఇది ఫ్రీ, పైథాన్ ఉంటే 'పిప్ ఇన్‌స్టాల్ పైగేమ్' అని కమాండ్ విండోలో ఒక్క లైను కొడితే ఫోన్ హాట్‌స్పాట్ మీదే దిగిపోయింది. కోడ్ జోలికి పోకముందే దాంతోపాటు వచ్చే ఏలియన్స్ అనే చిన్న గేమ్ నడిపి చూడండి, అది ఆడిందంటే సెటప్ బాగున్నట్టే.

అసలు తిరకాసంతా లూప్ దగ్గరే, అంటే గేమ్ నడిచినంతసేపూ మళ్లీ మళ్లీ తిరిగే కోడ్ ముక్క. విండో తెరిచి ఊరుకుంటే కుదరదు, వచ్చే ఈవెంట్లను (కీ నొక్కడం, మౌస్ కదపడం లాంటివి) ఎప్పటికప్పుడు తీసుకోకపోతే విండోస్ 'నాట్ రెస్పాండింగ్' అంటుంది. బొమ్మ గీసి చివర్లో దాన్ని తెరమీదికి తెచ్చే ఫ్లిప్ అనే ఆదేశాన్ని పిలవకపోతే తెర నల్లగానే ఉంటుంది, ఎర్రర్ ముక్క కూడా రాదు, ఇదే నాకు ఒళ్లు మండే విషయం.

పైనుంచి రాలే శెనక్కాయలను బుట్టతో పట్టే గేమ్ చేశాం. "శెనక్కాయలు భూమిలో కదరా కాసేది, పైనుంచి రాలేదేంది?" అని మా నాయన ఒకటే నవ్వు. లూప్ వేగానికి కళ్లెం వేసే క్లాక్ టిక్ అనే ఆదేశానికి 60 ఇచ్చాక సెకనుకు 60 ఫ్రేములు (తెరమీద గీసే బొమ్మలు) దాటకుండా కాయలు నెమ్మదిగా పడ్డాయి, లేకపోతే కంటికి ఆనేవే కావు.

పైగేమ్ సీఈ అని 2023లో విడిపోయిన వెర్షన్ ఇంకోటి ఉంది. రెండూ ఒకేచోట వేయొద్దు, తగువు పడతాయి. త్రీడీకి, ఫోన్ గేములకు మాత్రం వేరేది చూసుకోండి.