మొత్తం టర్కీ కోడిని ఇంట్లో వండటం: ఇన్నేళ్ళ తర్వాత నా సమీక్ష

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ రోజులు దగ్గరపడేసరికి సూపర్ మార్కెట్లలో ఫ్రోజెన్ టర్కీ ధర బాగా పడిపోతుంది. మా ఇంట్లో ఏళ్ళుగా ఈ పండక్కి టర్కీ వండేది నేనే. మనవాళ్ళలో చాలామంది ఒక్కసారి చేసి, చప్పగా ఉంది, పీచులా ఉంది అని వదిలేస్తారు. రోస్ట్ ఒక్కటే చూస్తే ఆ మాట కొంత నిజమే. కానీ రోస్ట్ ఈ కోడిలో సగమే. మిగతా సగం మెడలో, కందనకాయలో, ఎముకల్లో ఉంది. నేను ఏటా కొనేది ముఖ్యంగా ఆ సగం కోసం.

12 పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోల కోడి చాలు. ఇంకా పెద్దదైతే ఓవెన్‌లోనూ పట్టదు, సమానంగానూ ఉడకదు. కొనేముందు లేబుల్ చదవండి. చాలా ఫ్రోజెన్ టర్కీల్లోకి ఉప్పునీళ్ళు ముందే ఎక్కిస్తారు, ఎంత శాతమో దాని మీదే ఉంటుంది. అలాంటిదానికి మళ్ళీ ఉప్పు పట్టిస్తే గ్రేవీ నోట్లో పెట్టుకోలేం. నేను ఏమీ ఎక్కించనిదే వెతికి తెస్తాను. ఫ్రిజ్‌లో ప్రతి 4, 5 పౌండ్లకు ఒక రోజు చొప్పున కరగనివ్వాలి. తొందరపడి వంటగట్టు మీద పెట్టకూడదు, లోపల ఇంకా మంచు ఉండగానే పైన పాడవడం మొదలవుతుంది.

పసుపు, ఉప్పు వేసి కడగకపోతే మనకు మనసొప్పదు, నాకు తెలుసు. కానీ ఇంత పెద్ద కోడిని సింక్‌లో కడిగితే ఆ నీళ్ళు చుట్టుపక్కల గిన్నెలన్నిటి మీదా చిందుతాయి. క్రిములు చచ్చేది వేడికే. అందుకే కాగితంతో తడి తుడిచేసి, 5 పౌండ్లకు ఒక టేబుల్ స్పూన్ కోషర్ ఉప్పు (పెద్ద పలుకుల ఉప్పు) లెక్కన పట్టించి, రెండు రోజులు మూత లేకుండా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచుతాను. ఉప్పు లోపలికి దిగుతుంది, తోలు ఆరుతుంది. పెరుగు మసాలా పట్టించే పద్ధతి ఈ కోడికి నేను సిఫార్సు చేయను. తడికి తోలు కరకరలాడదు, అంత వేడికి కారం మాడిపోయి చేదెక్కుతుంది. తోలు కింద వెన్న, దంచిన మిరియాలు, వెల్లుల్లి, సన్నగా తరిగిన కరివేపాకు చాలు.

అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది వెన్నెముకను కత్తెరతో కోసి తీసి, కోడిని బల్లపరుపుగా పరచి కాల్చడం. బ్రెస్ట్ త్వరగా ఉడుకుతుంది, కాళ్ళకు ఇంకా వేడి కావాలి. పరచకుండా అలాగే పెడితే కాళ్ళు ఉడికేలోపు బ్రెస్ట్ ఎండిపోతుంది. పరిస్తే కాళ్ళకు వేడి బాగా తగులుతుంది. 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో మా ఓవెన్‌కి ఇంచుమించు గంటన్నర. థర్మామీటర్ తప్పనిసరి. బ్రెస్ట్ మధ్యలో 165 డిగ్రీలు రావాలి, థైలో 175 దాకా వెళ్తే ఇంకా మెత్తగా ఉంటుంది. ఉడికిందని చెప్పడానికి కోడికి గుచ్చి వచ్చే ప్లాస్టిక్ బటన్‌ను నమ్మకండి, అది పైకి లేచేసరికి బ్రెస్ట్ మరీ ఉడికిపోయి ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్ళకి టెన్షన్ సహజం. టర్కీలు అమ్మే బటర్‌బాల్ కంపెనీ ఇలాంటి సందేహాల కోసమే 1981 నుంచి పండగ రోజుల్లో ఫోన్ లైన్ నడుపుతోంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. మెడ, కందనకాయ, గుండె, కార్జం కోడి లోపలే పెట్టి ఇస్తారు. తీయడం మరచిపోవద్దు. కందనకాయ, గుండె చిన్న ముక్కలు చేసి, పసుపు, అల్లం వెల్లుల్లితో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, కరివేపాకు, మిరియాలతో దగ్గరగా వేయిస్తాను. రోస్ట్ ఓవెన్‌లో ఉండగానే ఈ వేపుడు పప్పుచారు అన్నంతో అయిపోతుంది. కార్జం విడిగా నిమిషాల్లో వేగుతుంది. ఎముకలు ఉడికించే నీళ్ళలో మాత్రం వేయకూడదు, చేదు దిగుతుంది. మెడను గోంగూరతో వండాలి. చాలాసేపు ఉడికి, ఎముక చుట్టూ ఉన్న మాంసం పులుపు పట్టి ఊడి వస్తుంది. చికెన్ గోంగూరలో ఆ రుచి నాకు ఎప్పుడూ దొరకలేదు.

కోసి తీసిన వెన్నెముక, రెక్కల కొసలు, తిన్నాక మిగిలిన ఎముకల గూడు మొత్తం కుక్కర్‌లోకి వెళ్తాయి. ఉల్లిపాయ, మిరియాలు వేసి గంట. ఉప్పు వద్దు, ఎముకల్లో ఉన్నది సరిపోతుంది. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు పేరుకుంటుంది, కింద రసం జెల్లీలా గట్టిపడుతుంది. ఆ కొవ్వు తాలింపుకి. ఆ రసంతో మిరియాల చారు పెడితే జలుబు రోజుల్లో ఇంటిల్లిపాదీ అడిగి తాగుతారు. పలావుకి ఎసరు బదులు ఇదే పోసి, చివర్లో థై ముక్కలు కలుపుతాను.

లోపాలూ చెప్పాలి. లెగ్ పీస్‌లో నరాలు ఎముకంత గట్టిగా ఉంటాయి, పిల్లల చేతికి అలాగే ఇవ్వకండి. మాంసం ఒలిచి, నరాలు ఏరి, కీమాలా తరుగుతాను. రెండోరోజు వేడి చేస్తే టర్కీకి ఒక పాత వాసన వస్తుంది. అది కొవ్వు గాలికి మారడం వల్ల వచ్చేది. మైక్రోవేవ్‌లో పెడితే మరీ తెలుస్తుంది. పులుసులోనో లవంగం, దాల్చినచెక్క మసాలాలోనో వేస్తే నాకు దాదాపు తెలియదు. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, మిగిలింది ఫ్రీజర్‌కే.

ఇద్దరే ఉన్న ఇంటికి ఒకేసారి ఇంత కోడి ఎక్కువే. కొన్ని షాపుల్లో అడిగితే గడ్డకట్టిన కోడినే రంపంతో నిలువునా రెండుగా కోసి ఇస్తారు. సగం ఇప్పుడు వండి, రెండో సగాన్ని కరగనివ్వకుండా ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సంక్రాంతికి పనికొస్తుంది.