పాలీకార్బొనేటా, అల్యూమినియమా? నీటి అడుగు కెమెరాకు ఏ హౌసింగ్ మేలు

హౌసింగ్, అంటే కెమెరాకు నీరు తగలకుండా మూసి ఉంచే పెట్టె, కొనబోయేవాళ్ల కళ్లు ముందు లోతు అంకె మీద పడతాయి. ఒకదాని మీద 40 మీటర్లు, ఇంకోదాని మీద 60, ఖరీదైనదాని మీద 100 అని రాసి ఉంటుంది. అంకె పెద్దదైతే పెట్టె గట్టిదని లెక్క వేసుకుంటారు. కానీ డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో దిగే లోతు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ అయితే 30. సరదా డైవింగ్‌కు చివరి గీత 40. రుషికొండలో దిగినా, అండమాన్ వెళ్లి స్వరాజ్ ద్వీప్ దగ్గర దిగినా 60కీ 100కీ ఉన్న తేడా మనకు అక్కరకు రాదు.

పైగా హౌసింగ్‌లోకి నీళ్లు ఎక్కువసార్లు దూరేది అడుగున కాదు, మొదటి రెండు మూడు మీటర్లలోనే. వెనక తలుపు 15 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉందనుకోండి. 30 మీటర్ల లోతులో నీరు దాన్ని దాదాపు 450 కిలోల బరువుతో లోపలికి నొక్కుతుంది. ఆ నొక్కుడుకు తలుపు అంచు గాడిలో ఉండే రబ్బరు వలయం, అంటే ఓ-రింగ్, ఇంకా బిగుస్తుంది. అర మీటరులో ఆ బరువు ఏడెనిమిది కిలోలే. అక్కడ తలుపును పట్టి ఉంచేది ప్రధానంగా లాచ్ (గడియ) ఒక్కటే. ఓ-రింగ్ మీద ఒక వెంట్రుక అడ్డం పడి ఉంటే, ఆ సందులోంచి నీరు వచ్చేది ఇక్కడే. పడవ మీంచి కెమెరాతో సహా దూకేవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ముందు మనిషి దిగాలి, తర్వాత పైనున్నవాళ్లు కెమెరా అందించాలి.

అందుకని పోల్చాల్సింది లోతు అంకెలను కాదు. మూసేటప్పుడు తప్పు ఎన్నిచోట్ల జరగొచ్చు, జరిగితే నీళ్లలో దిగకముందే తెలుస్తుందా, ఈ రెండూ చూడాలి.

రెండు రకాల పెట్టెలు

పాలీకార్బొనేట్ హౌసింగ్‌ల పెద్ద సుగుణం పారదర్శకత. ఐక్‌లైట్, సీఫ్రాగ్స్, ఒలింపస్ పీటీ వరుస ఈ కోవలోవే. పారదర్శకంగా ఉన్న నమూనాల్లో తలుపు మూశాక ఓ-రింగ్ చుట్టూ ఒకే తీరుగా నల్లటి గీతలా అణిగి కనిపించాలి. ఎక్కడైనా గీత సన్నబడినా, తెగినట్టున్నా అక్కడ ఇసుక రేణువో నూలుపోగో ఉందని అర్థం. లోపలికి చుక్క నీరు వచ్చినా కంటికి కనిపిస్తుంది. ఈ పదార్థం తుప్పు పట్టదు, ధర కూడా తక్కువ.

దాని లోపాలు వేరే. లోతుకు వెళ్లేకొద్దీ పెట్టె కొద్దిగా వంగుతుంది. చవక రకాల్లో బటన్ స్ప్రింగులు బలహీనం. 30 మీటర్లు దాటితే నీటి ఒత్తిడికే బటన్ లోపలికి పోయి అలాగే ఉండిపోతుంది. ఫొటో తీద్దామంటే మెనూ తెరుచుకుంటుంది. పైకి వచ్చాక తనంతట తానే సర్దుకుంటుంది కనుక ఇది లీకు కాదు, కానీ ఆ డైవ్‌లో ఫొటోలు పోయినట్టే. రెండోది రసాయనాలు. అండమాన్ బీచుల్లో ఇసుక ఈగల బాధకు పూసుకునే దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే, అది పాలీకార్బొనేట్‌ను కరిగిస్తుంది. ఆ చేత్తో పట్టుకుంటే వేలిముద్రలు అచ్చు పడిపోతాయి. అమోనియా ఉన్న అద్దం క్లీనర్లు, అసిటోన్, స్పిరిట్ కూడా పనికిరావు. పైకి మెరిసేలా శుభ్రం చేస్తాయి గానీ, సన్నటి పగుళ్లు వలలా పడతాయి. బిగువు ఎక్కువ పడే లాచ్ దగ్గర, స్క్రూ దగ్గర ఆ పగుళ్లు పెరుగుతాయి.

అల్యూమినియం హౌసింగ్‌లు నాటికామ్, ఐసోట్టా, సుబాల్, ఆక్వాటికా లాంటి కంపెనీలవి. కొలతలు చాలా ఖచ్చితం. బటన్లు, డయళ్లు వేలి కిందే ఉంటాయి, 40 మీటర్ల దగ్గరా ఒడ్డున తిరిగినంత సులువుగా తిరుగుతాయి. మందపాటి గ్లవ్స్ వేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కానీ లోపల ఏం జరుగుతోందో కనిపించదు, కనుక లోపలి గాలి లాగి లీకు పరీక్షించే వాక్యూమ్ వాల్వు లేని అల్యూమినియం పెట్టె కొనడం దండగ. ధర చాలాసార్లు కెమెరా బాడీ ధరతో సమానం, ఒక్కోసారి ఎక్కువే.

లోహానికి శత్రువు ఉప్పు. అల్యూమినియం మీద ఆనొడైజింగ్ అనే రక్షణ పొర ఉన్నంతవరకు ఫరవాలేదు. గీత పడి పొర పోయిన చోట స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ తగిలి ఉంటే, ఉప్పునీటిలో ఆ రెండు లోహాల మధ్య బ్యాటరీలో జరిగినట్టే చర్య జరుగుతుంది. తినబడేది అల్యూమినియమే. స్ట్రోబ్ (ఫ్లాష్ దీపం) చేతులు బిగించే గుండ్రటి బాల్ మౌంట్ల కింద తెల్లటి పొడి కనిపిస్తే అదే. ప్రతి ట్రిప్పు తర్వాత ఆ మౌంట్లు విప్పి, కడిగి, మరకు పలుచగా గ్రీజు రాసి బిగించాలి. ఏడాది అలా వదిలేస్తే స్క్రూ విప్పబోతే మర ఊడి వస్తుంది.

బరువు విషయంలో చాలామంది పొరబడతారు. ఒడ్డున అల్యూమినియం బరువు, పాలీకార్బొనేట్ తేలిక. నీళ్లలో లెక్క మారుతుంది. పాలీకార్బొనేట్ పెట్టెలో కెమెరా చుట్టూ ఖాళీ జాగా ఎక్కువ, కనుక పైకి తేలాలని చూస్తుంది. లెన్సు ముందు పెద్ద డోమ్ (గోపురంలా ఉబ్బిన కిటికీ) తగిలిస్తే ముక్కు పైకెత్తుకుంటుంది, గంటసేపు దాన్ని కిందికి వంచి పట్టుకోవడంతో మణికట్టు నొప్పి. అల్యూమినియం చిన్నగా, కెమెరాకు అతికినట్టు ఉంటుంది, నీళ్లలో దాదాపు బరువు తెలియదు. కాస్త మునుగుతుంటే నీటిలో తేలే ఫ్లోట్ చేతులతో సరిచేయొచ్చు.

రెండింటికీ ఉన్న ఒకే శాపం: హౌసింగ్ సాధారణంగా ఒక్క కెమెరా మోడల్‌కే సరిపోతుంది. కెమెరా మారిస్తే చాలావరకు పెట్టె కూడా మార్చాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు హౌసింగ్ దొరుకుతుందో లేదో చూసి, తర్వాత కెమెరా ఎంచుకుంటారు.

ఇంకో దారి: తడిసినా బతికే కెమెరా

ఒలింపస్ టీజీ-6 సొంతంగా 15 మీటర్ల వరకు నీళ్లు తట్టుకుంటుంది. పీటీ-059 హౌసింగ్‌లో పెడితే 45 మీటర్లు. తర్వాత వచ్చిన టీజీ-7 కూడా అదే హౌసింగ్‌లో పడుతుంది. హౌసింగ్‌లో నాలుగు చుక్కలు చేరినా కెమెరా పోదు, ఒక తలుపు తీసి ఉన్నా రెండో తలుపుకు గడియ ఉన్నట్టు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే నిశ్చింతైన ఏర్పాటు లేదు. గోప్రో సంగతీ అంతే: హీరో 9 నుంచి 12 వరకు విడిగా 10 మీటర్లు, దాని రక్షణ పెట్టెలో 60. వీడియో చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఫోన్‌కు తొడిగే మెత్తటి ప్లాస్టిక్ సంచి మాత్రం ఈత కొలనుకే. 10 మీటర్ల దగ్గర లోపలి గాలి సగానికి కుంచించుకుపోయి ప్లాస్టిక్ తెరకు అతుక్కుంటుంది. టచ్ పనిచేయదు, ఫొటో తీయలేరు.

వాక్యూమ్ వాల్వా, తడి అలారమా

ఇక్కడ సందేహమే అక్కర్లేదు. తడి అలారం మోగేది నీరు లోపలికి వచ్చాక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. వాక్యూమ్ అయితే నీళ్లలో దిగకముందే చెబుతుంది.

హౌసింగ్ మూశాక చేతి పంపుతో లోపలి గాలి కొంత లాగుతారు. సుమారు 0.2 బార్ తగ్గితే చాలు. అప్పుడు బయటి గాలే తలుపును నొక్కుతుంది. ఒడ్డున ఉండగానే 2 మీటర్ల లోతులో ఉన్నంత బిగువు వస్తుంది. పైన చెప్పిన మొదటి మీటర్ల ప్రమాదం చాలావరకు అక్కడితో తీరిపోతుంది. ఇరవై నిమిషాలు ఆగి చూడండి. నాటికామ్ లాంటివాటిలో పచ్చ దీపం అలాగే ఉంటే దిగొచ్చు, పసుపుకు మారితే ఆలోచించాలి, ఎర్రదైతే విప్పాల్సిందే.

ఒక చిక్కు ఉంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర పంపు కొట్టి, పడవ మీద ఎండలో పెడితే లోపలి గాలి వేడెక్కి పీడనం పెరుగుతుంది. 40 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం 0.80 బార్ కాస్తా 0.84 అవుతుంది. లీకు లేకపోయినా దీపం రంగు మారొచ్చు. నీడలో తడి తువ్వాలు కప్పి పెట్టి, మళ్లీ చల్లబడ్డాక చూసి నిర్ణయించుకోవాలి.

పాలీకార్బొనేట్ పెట్టెలో వాల్వు పెట్టే చోటు ఉంటే విడిగా కొని బిగించుకోవచ్చు. లేకపోతే పాత పద్ధతే: కెమెరా లేకుండా, లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, తాడు కట్టి, బరువు తగిలించి ముందు ఖాళీ పెట్టెను ముంచి చూడాలి. కొత్తది కొన్నప్పుడూ, సర్వీసు చేయించాకా, ఏ పెట్టెకైనా ఇది తప్పదు.

చదును పోర్టా, డోమా

పోర్ట్ అంటే హౌసింగ్‌లో లెన్సు ముందు ఉండే కిటికీ. ఏది కావాలన్నది తీసేది ఏమిటన్న దాన్ని బట్టి. గాజు చదునుగా ఉంటే నీటిలోంచి వచ్చే కాంతి వంగి, వస్తువులు 1.33 రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. నూడిబ్రాంచ్‌లు (గుల్ల లేని రంగురంగుల సముద్రపు నత్తలు), రొయ్యలు, చిన్న చేపలను దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సుకు ఇది లాభమే. వైడ్ లెన్సుకు నష్టం: చదును పోర్ట్ వెనక ఎంత వెడల్పు లెన్సు పెట్టినా చూపు 97 డిగ్రీలు దాటదు, అంచుల్లో రంగులు చీలుతాయి.

డోమ్ అయితే లెన్సు అసలు చూపు కోణాన్ని కాపాడుతుంది, కానీ లెన్సు నుంచి ఇంకొకటి అడుగుతుంది. డోమ్ వెనక కెమెరాకు కనిపించేది అసలు దృశ్యం కాదు, డోమ్ ముందు ఏర్పడే భ్రమ ప్రతిబింబం. 20 సెం.మీ. వ్యాసం ఉన్న డోమ్‌కు దూరపు దృశ్యం కూడా సుమారు 30 సెం.మీ. ముందే కనిపిస్తుంది. 10 సెం.మీ. డోమ్‌కైతే 15 సెం.మీ. దగ్గర. లెన్సు అంత దగ్గరగా ఫోకస్ చేయలేకపోతే అంతా మసకే. మూలలు స్పష్టంగా రావాలంటే పెద్ద డోమ్ మేలు, ప్రయాణానికి చిన్నది సుఖం.

అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) డోమ్ తేలిక, చవక, గీతలు త్వరగా పడతాయి. కానీ నీరు ఆ గీతల్లో నిండి, నీళ్లలో అవి పెద్దగా కనబడవు. పాలిష్ కూడా పట్టొచ్చు. గాజు డోమ్ గీతలు తేలిగ్గా పడనివ్వదు, పడితే వదలదు. విశాఖ వైపు సముద్రంలో ఒండ్రు ఎక్కువై చూపు మందగించే రోజుల్లో ఏ పోర్టైనా ఒకటే నియమం: వస్తువుకు దగ్గరగా వెళ్లాలి. మధ్య ఉన్న నీటిని తగ్గించడమే అసలు లెన్సు.

గ్రీజు, కడుగుడు

పెట్టె లక్షల విలువైనా, వేలదైనా వెంట్రుకకు తేడా తెలియదు. కనుక ఈ భాగం అందరికీ ఒకటే.

ఏ గ్రీజు వాడాలి అన్నదానికి జవాబు: ఆ హౌసింగ్ తయారీదారు ఇచ్చిందే. ఓ-రింగ్ సిలికాన్‌తో చేసినదైతే సాధారణ సిలికాన్ గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది, గాడిలో పట్టదు. వేజ్‌లైన్, కొబ్బరినూనె మాట తలవద్దు. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతితో ఓ-రింగ్ ముట్టుకోవద్దు కూడా.

గ్రీజు నీటిని ఆపదు. ఆపేది రబ్బరు, గ్రీజు దాన్ని జారేలా మాత్రమే చేస్తుంది. అందుకే పెద్ద ఓ-రింగ్ మొత్తానికి బియ్యపు గింజంత చాలు. వేళ్ల మధ్య లాగకుండా, జపమాల తిప్పినట్టు తిప్పుతూ రాయాలి. పలుచటి మెరుపు రావాలి, తెల్లటి ముద్దలు ఉండకూడదు. ముద్ద ఎంత ఉంటే ఇసుక అంత అంటుతుంది. గాడిలోంచి రింగ్ తీయడానికి పిన్నీసు, కత్తి వాడొద్దు. రెండు వేళ్లతో పక్కల నుంచి నెట్టితే మధ్యలో ఉబ్బుతుంది, అక్కడ పట్టుకుని లేపాలి. గాడిని దూదితో తుడిస్తే పోగులు మిగులుతాయి, పోగులు వదలని గుడ్డ లేదా ఫోమ్ పుల్లలు కావాలి.

కెమెరా పెట్టి మూసే పని ఏసీ గదిలో చేయడమే మంచిది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. తీరపు ఉక్కలో మూస్తే, నీళ్లలో పెట్టె చల్లబడగానే లోపలి తేమ డోమ్ లోపలి వైపు మంచులా పడుతుంది. ఒక సిలికా జెల్ పొట్లం వేస్తే ఇంకా నయం.

డైవ్ అయ్యాక పడవ మీది అందరి నీళ్ల తొట్టా, సొంత బకెట్టా? సొంత బకెట్టే. తొట్టిలో ఇంకొకరి కెమెరా మూల మీ డోమ్‌కు తగులుతుంది, మాస్కులు కడిగిన సబ్బు కూడా అందులోనే. మంచినీళ్లలో కనీసం అరగంట నాననిచ్చి, మునిగి ఉండగానే ప్రతి బటన్‌నూ పదేసిసార్లు నొక్కాలి, ప్రతి డయల్‌నూ తిప్పాలి. బటన్ కడ్డీ చుట్టూ చేరిన ఉప్పు అప్పుడే కరుగుతుంది. ఎండిన ఉప్పు స్ఫటికం ఆ కడ్డీ ఓ-రింగ్‌ను కోస్తుంది, అది సర్వీసు కేంద్రంలో తప్ప మారదు. మన ఊళ్ల బోరు నీళ్లు ఉప్పును కరిగిస్తాయి గానీ ఎండాక తెల్లటి సున్నపు మచ్చలు వదులుతాయి. చివరి తడుపు ఆర్వో నీళ్లతో ఇస్తే ఆ గొడవ ఉండదు.

విప్పేముందు తువ్వాలుతో అతుకుల దగ్గర తుడిచి, తలుపు కిందివైపు ఉండేలా పట్టుకుని తెరవాలి. చుక్కలు కెమెరా మీద పడకుండా నేల మీద పడతాయి.

నిల్వ, విమానం

నెలల తరబడి వాడనప్పుడు లాచ్ బిగించి ఉంచితే ఓ-రింగ్ ఒక పక్క అణిగి చదునైపోతుంది. రింగ్ తీసి చిన్న జిప్ సంచిలో పెట్టి, తలుపు వదులుగా మూసి ఉంచాలి. విమానంలోనూ అంతే. పైన గాలి పీడనం తగ్గినప్పుడు బిగించిన పెట్టెలోంచి గాలి బయటికి తప్పించుకుంటుంది, కిందికి దిగాక లోపల పీడనం తక్కువై తలుపు బలవంతం చేస్తే తప్ప రాదు. వాక్యూమ్ వాల్వు ఉంటే దాన్ని తెరిచి ఉంచితే సరిపోతుంది. లిథియం బ్యాటరీలు హౌసింగ్‌తో పాటు చెకిన్ పెట్టెలో వేయకండి, చేతి సామానులోనే పెట్టుకోవాలి.