బ్లూబర్డ్ కెఫే, నాష్‌విల్: పాట రాసినవాళ్ల మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర

అమెరికాలో కంట్రీ పాటలకి పేరుపడ్డ నాష్‌విల్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు చాలామంది గణేశుడి గుడికి వెళ్లి, సాయంత్రం బ్రాడ్‌వే వీధిలో ఓ చుట్టు చుట్టి, నియాన్ బోర్డుల కింద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. బ్రాడ్‌వేలో పాటకి లోటేం లేదు. కింద ఒక బ్యాండు, మేడ మీద ఇంకో బ్యాండు, ఎదురు బారులో మరొకటి. పక్కవాళ్ల మాట మాత్రం వినబడదు, పాటలో మాట అసలే వినబడదు. మాట వినాలనుకుంటే ఊరికి కాస్త దక్షిణంగా, గ్రీన్ హిల్స్‌లో హిల్స్‌బరో పైక్ మీదున్న బ్లూబర్డ్ కెఫేకి వెళ్లండి.

బయటి నుంచి చూస్తే ఏమీ ఉండదు. వరసగా నాలుగు దుకాణాలున్న మామూలు స్ట్రిప్ మాల్, అందులో నీలం పందిరి వేసిన ఒక తలుపు. ఇండియా నుంచి వచ్చిన మా మామగారిని తీసుకెళ్లాను. ఆయన విజయనగరంలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కారు దిగి, బోర్డు చూసి, "ఇదేనా అమ్మా? మన కోట దగ్గర టిఫిన్ హోటల్ ఇంతకంటే పెద్దది కదా" అన్నారు. నిజమే. లోపల పట్టేది తొంభై మంది. గోడల నిండా పాటలు రాసినవాళ్ల ఫొటోలు. బల్లలు ఎంత దగ్గరగా వేశారంటే, లేవాలంటే వెనకాయన్ని జరగమని అడగాలి.

1982లో ఎమీ కర్లండ్ అనే ఆవిడ దీన్ని రెస్టారెంటుగా మొదలుపెట్టింది. పాటలు ఆ తర్వాత వచ్చి చేరాయి. 1985లో డాన్ ష్లిట్జ్, థామ్ షైలర్, ఫ్రెడ్ నాబ్లాక్, పాల్ ఓవర్‌స్ట్రీట్ అనే నలుగురు రచయితలు స్టేజీ వదిలేసి, గది మధ్యలో ఒకరికొకరు ఎదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. జనం చుట్టూ కూర్చున్నారు. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కో పాట. ఆ పద్ధతికి 'ఇన్ ద రౌండ్' అని పేరు పడింది. ఇప్పటికీ ఇక్కడ ఎక్కువ షోలు అలాగే జరుగుతాయి. 2008 నుంచి ఈ కెఫే నాష్‌విల్‌లోని పాటల రచయితల సంఘం చేతిలో ఉంది.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. ఇక్కడ పాట నడుస్తుండగా మాట్లాడకూడదు. "ష్" అన్నది ఈ కెఫేకి నినాదం లాంటిది, దాన్ని టీషర్టుల మీద కూడా వేసి అమ్ముతారు. నాకు వచ్చిన చిక్కల్లా మామగారికి అమెరికా యాస అంతగా అందదు. చెవిలో తెలుగు చేసి చెబుదామనుకున్నాను, కుదర్లేదు. పాట మొదలయ్యాక ఆ గదిలో గుసగుస కూడా పెద్ద గొంతులాగే వినబడుతుంది.

మేం వెళ్లిన రోజు నలుగురిలో పెద్ద పేర్లేమీ లేవు. ముగ్గురు మగవాళ్లు, ఒక ఆడమనిషి. రేడియోలో వచ్చే పాటల్లో రెండో మూడో వీళ్లవి ఉంటాయి, కానీ వీళ్ల మొహాలు ఎవరికీ తెలియవు. అందులో ఒకాయన తన ఆదాయం మీద తనే జోకులేశాడు. సీడీ అమ్ముడైతే ఒక పాటకి రచయిత, పబ్లిషర్ల వాటా చాలా ఏళ్లపాటు 9.1 సెంట్లే ఉండేది. ముగ్గురు కలిసి రాస్తే అదీ ముగ్గురికీ పంచాలి. "మా అమ్మ పది సీడీలు కొన్నా నాకు కాఫీ ఖర్చు రాలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే తీగ మీటి, అప్పుల్లో ఇల్లు పోగొట్టుకున్న వాళ్ల పాట అందుకున్నాడు. నవ్వు నోట్లో ఉండగానే గొంతు పట్టేసింది. వీళ్లు ఈ పని తెలిసే చేస్తారు, అందులో దాచేదేమీ లేదు.

అసలు చెప్పాల్సింది ఆ ఆడమనిషి పాట గురించి. యాభై దాటి ఉంటాయి. గొంతు గొప్పదేమీ కాదు, పై స్థాయిలో చీలిపోతుంది. పాటకి ముందు నింపాదిగా చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్నకి కెంటకీలో పశువుల దాణా కొట్టుండేది. ఆయన పోయాక డ్రాయరు ఖాళీ చేస్తుంటే అరువు ఖాతా పుస్తకం దొరికిందట. ఊళ్లోవాళ్ల పేర్లు, ఎదురుగా డాలర్లు. చాలా పేర్ల మీద ఆయనే గీత కొట్టి 'చెల్లు' అని రాసుకున్నాడు. అమ్మని అడిగితే, వాళ్లలో ఎవరూ ఒక్క డాలరు కట్టలేదంది.

అంతే, పాట మొదలైంది. ఆ పాటలో నాన్న అన్న మాట రెండుసార్ల కంటే రాదు. బాధ, కన్నీరు, ప్రేమ ఎక్కడా లేవు. ఒక పేరు, ఒక అంకె, చెల్లు. ఇంకో పేరు, ఇంకో అంకె, చెల్లు. మధ్యమధ్య ఆ ఏడు కరువా, ఎవరింట్లో పాప పుట్టిందా, అలాంటి చిన్న వివరం ఒకటి. కుడిచేతి బొటనవేలు ఒక్కటే కింది స్థాయి తీగ మీద ఆడుతోంది, పక్క కుర్చీలో ఉన్నాయన అడక్కుండానే సన్నగా గొంతు కలిపాడు. చివరి పేరు దగ్గర గిటారు ఆపేసింది. ఆ పేరు పాడలేదు, మామూలుగా అంది. అంకె చెప్పింది. చెల్లు అనలేదు. ఆ అప్పు తనదని మనకి తెలియడానికి ఒక క్షణం పట్టింది.

నేనేడ్చానని ఇక్కడ రాస్తే కొత్తేముంది, ఆ గదిలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆశ్చర్యం కలిగించింది మామగారు. షో అయ్యాక పార్కింగ్ దగ్గర, "మిగతా పాటలు సగం కూడా అర్థం కాలేదమ్మా, ఆ ఖాతా పుస్తకం పాట మాత్రం పూర్తిగా అర్థమైంది" అన్నారు. ఎలా అని అడిగితే, "పేర్లూ అంకెలే కదా. పైగా ముందు కథ చెప్పింది. పీఠిక లేని పాట దీపం లేని గది" అన్నారు. మాస్టారు కదా, ఇలాంటివి అలవోకగా వస్తాయి.

దారిలో ఆదిభట్ల నారాయణదాసు గారి మాట తీశారు. తన కథ తనే కట్టి, తనే పాడి, కాలికి గజ్జె కట్టి తనే ఆడిన మనిషి. మామగారి తండ్రి ఆయన హరికథ కళ్లారా చూశారట. "వేరే ఎవరో రాసింది పాడితే గాయకుడు తప్పు పాడాడా లేదా అని చూస్తాం. రాసినవాడే పాడితే తప్పొప్పుల ఊసే రాదు" అన్నారాయన. నేను పూర్తిగా ఒప్పుకోను. బాలు గారు 'పాడుతా తీయగా'లో ఎవరో రాసిన పాట వెనకున్న సందర్భం చెప్పి పాడి వినిపిస్తే మనకి కళ్లు చెమర్చలేదా? కాకపోతే ఆ రాత్రికి వాదించబుద్ధి కాలేదు.

మామగారి మాటకి సాక్ష్యం ఆ రోజే దొరికింది, అదీ ఒప్పుకోవాలి. నలుగురిలో చిన్నవాడు మంచి గాయకుడు. టీవీ పోటీకి వెళ్తే గెలుస్తాడు. కానీ అతని పాటల్లో గుండె పగలడాలు, వానలు, ఒంటరి రోడ్లే. పాడుతున్నంతసేపూ హాయిగా ఉంది. ఇంటికొచ్చేసరికి ఒక్క ముక్క గుర్తు లేదు.

ఈ గదిలో పాట ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పే కథల్లో నాకు నచ్చినది ఒకటుంది. టోనీ అరాటా అనే రచయిత 'ద డాన్స్' అనే తన పాటని ఇక్కడ పాడుతుంటే, తర్వాత కంట్రీ పాటల్లో పెద్ద స్టారైన, అప్పటికింకా ఎవరికీ తెలియని గార్త్ బ్రూక్స్ విన్నాడు. రికార్డు చేసే అవకాశం వస్తే ఈ పాట పాడతానని మాటిచ్చాడు. 1989లో వచ్చిన తన మొదటి ఆల్బంలో పాడాడు కూడా. ఆ తర్వాత సంగతి అమెరికా అంతటికీ తెలుసు. టేలర్ స్విఫ్ట్ మొదటి ఆల్బం వేసిన కంపెనీ అధిపతి స్కాట్ బొర్చెట్టా ఆమె పాట విన్నది కూడా ఇక్కడే. బయట క్యూలో సెల్ఫీలు దిగే అమ్మాయిల్లో చాలామంది అందుకే వస్తారు.

ఇక పనికొచ్చే విషయాలు. టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన కాసేపటికే అయిపోతాయి, అందుకని ఏ రోజు ఎప్పుడు అమ్మకానికి పెడతారో సైట్లో చూసుకుని అలారం పెట్టుకోండి. పెద్ద పేరున్న రోజు దొరకలేదని దిగులు పడకండి, నన్నడిగితే పేరు తెలియనివాళ్ల రోజే మేలు. హిట్ పాట కోసం ఎదురుచూసే పని ఉండదు కాబట్టి ప్రతి పాటా వింటాం. టికెట్ కాకుండా సీటుకి ఇంత అని కనీసం ఆర్డరు ఇవ్వాల్సి ఉంటుంది. భోజనం అనుకుని వెళ్లకండి. మేం ఇంట్లో పులిహోర తినేసి వెళ్లి, అక్కడ చిప్స్, కోక్‌తో సరిపెట్టాం. వెనక చర్చి బెంచీల్లాంటివి ఉన్నాయి, నడుం నొప్పి ఉన్నవాళ్లు బల్ల దగ్గర కుర్చీ చూసుకోవడం మంచిది. నలుగురూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు కనుక మీకు ఒకరి వీపు తప్పదు. దానికి బాధపడక్కర్లేదు. ఆ వీపు పక్కనుంచి వేళ్లు కనిపిస్తాయి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి, వాళ్లకీ శిక్షే, చుట్టుపక్కలవాళ్లకీ శిక్షే. కబుర్లు చెప్పుకుంటూ సరదాగా గడపాలంటే బ్రాడ్‌వే ఉండనే ఉంది. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది బల్లల మధ్య ఇరుకుకి. సోమవారాల్లో ఓపెన్ మైక్ ఉంటుంది, సొంతంగా రాసిన పాట ఉన్నవాళ్లెవరైనా పేరిచ్చి వంతు కోసం చూడొచ్చు. తెలుగు పాట పాడనిస్తారా అని మామగారు నన్ను రెండుసార్లు అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను.