అంబాసిడర్ బ్రేకులకు రబ్బరు కిట్: ఏళ్ల వాడకం తర్వాత

నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న పాత అంబాసిడర్‌లో వీల్ సిలిండర్ (చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకు షూలను తోసేది) రబ్బరు కిట్లు ఎన్నో మార్చాక తేలింది ఒకటే: కిట్టు మన్నేదీ మన్ననిదీ సిలిండర్ లోపలి గోడను బట్టే. పిస్టన్ తీసి, గోడ తుడిచి, గోరుతో గీసి చూడండి. ఎక్కడా తట్టకపోతే కొత్త కప్పులు, అంటే కిట్టులోని రబ్బరు సీళ్లు, ఏళ్లు నిలుస్తాయి. గుంట తగిలిందా, హోనింగ్ (గోడను రాయితో నునుపు చేయడం) చేసినా కొన్ని నెలలకే మళ్లీ చెమ్మ. కొత్త సిలిండరే వేయండి. పాత బళ్లలో నాలుగు చక్రాలకూ బ్రేక్ ఆయిల్ సర్క్యూట్ ఒకటే కాబట్టి ఒక్క కప్పు చిరిగినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ఇక్కడ పొదుపు చూడొద్దు.

కిట్టు కొనేముందు లోపం ఎక్కడుందో పట్టుకోవాలి. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి. రెండోసారి తొక్కితే పైకొచ్చిందంటే షూలకూ డ్రమ్ముకూ సందు పెరిగింది, అడ్జస్టర్ బిగిస్తే చాలు. అదిమి ఉంచిన పెడల్ మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) కప్పు అరిగింది. వెనక డ్రమ్ములో తడి ఉంటే దాన్ని కాసిని నీళ్లలో వేయండి: కలిసిపోతే బ్రేక్ ఆయిల్, పైకి తేలితే యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేరాయిల్. ఈ పరీక్ష చేయకే చాలామంది మంచి సిలిండర్లు విప్పేస్తారు. ఏ ఆయిల్ తాగిన లైనరైనా (షూ మీది రాపిడి పట్టీ) కడిగితే బాగుపడదు, రెండు వైపులా మార్చాల్సిందే. పాత లైనర్ల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తీయండి.

ముందు చక్రం పట్టేస్తే నిపుల్ (వీల్ సిలిండర్ మీద గాలి తీసే స్క్రూ) విప్పండి. చక్రం వదిలితే లోపల ప్రెషర్ నిలిచిపోతోంది. నిపుల్ బిగించి, పెడల్ తొక్కి వదిలి, ఈసారి హోసుకు (చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టం) ముందున్న పైపు నట్టు వదులు చేయండి. అప్పుడూ చక్రం వదలకపోతే హోసు లోపల ఉబ్బింది, పైకి కొత్తదానిలా కనిపించినా సరే. వదిలితే పెడల్‌కు ఫ్రీ ప్లే (మొదట ఉండాల్సిన కాస్త వదులు) లేదు, లేదా మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కొచ్చే సన్నరంధ్రం మూసుకుపోయింది.

కప్పులకు మామూలు గ్రీజు, ఇంజనాయిల్ తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌లో ముంచి ఎక్కించండి. గాలి తీయడం మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలు. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. అడుగంటా తొక్కితే మాస్టర్ సిలిండర్ కప్పు ఎప్పుడూ తిరగని, తుప్పు పట్టిన చోటికి వెళ్లి కోసుకుపోతుంది.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కు కొత్తలో మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు. తేమ పట్టాక ప్రమాణం 155 మాత్రమే. కోస్తా ఉక్కలో రెండేళ్లకు మించి ఉంచొద్దు.